రామయ్యపట్నానికి మా కారు ప్రయాణం

రామయ్యపట్నం అనగానే దక్షిణాదినున్న మన బంధువులు కావలికి అవతల ఓడరేవు పేరుతో పత్రికలకెక్కిన రామాయపట్నం అనుకుంటారు. మేము చెప్పబోయే ఊరు అది కాదు. ఇది మన గంజాం జిల్లాలో, చికిటి బ్లాకులో ఉన్న రామయ్యపట్నం. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు పోయే పెద్దరోడ్డు మీద కొంత దూరం వెళ్లి, తూర్పుకు తిరిగి, సరుగుడు తోటలూ మొగలి పొదలూ దాటితే సముద్రపు ఒడ్డున కనిపించే మత్స్యకారుల పల్లె. పటంలో చూస్తే ఆవగింజంత ఉంటుంది. తీర్థం కాదు, క్షేత్రం కాదు, గోపాలపురంలాగా షికారుకు వెళ్లే చోటూ కాదు. అయినా గత మాఘమాసంలో ఒక ఆదివారం నాడు మేము అక్కడికి బయలుదేరి, ప్రాణాలతో చేరి, ఒక పాఠం నేర్చుకుని వచ్చాము. కారు ఉన్న ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతి కనుక నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందు ఆ ఊరితో మాకున్న సంబంధం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లాలో ఎక్కువ భాగం మద్రాసు నుంచి విడిపోయి అటు చేరింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు ప్రాంతం ఇటు మిగిలింది. సరిహద్దు గీత మారిందే గాని మనుషులు ఉన్నచోటనే ఉన్నారు. బరంపురంలో మన కుటుంబాలు ఇంట్లో తెలుగూ బజారులో ఒడియా మాట్లాడుతూ ఎలా బతుకుతున్నాయో, సముద్రపు ఒడ్డు పల్లెలూ అలాగే బతుకుతున్నాయి. ఒడియావారు నోళియాలని పిలిచే ఆ మత్స్యకారుల ఇళ్లల్లో తెలుగే. పిల్లలు మాత్రం బడిలో ఒడియా అక్షరాలు దిద్దుతారు.

ఆ పల్లె నుంచి మా ఇంటికి ఒకామె ముప్ఫై ఏళ్లపాటు చేపల గంప మోసుకొచ్చింది. మా అమ్మ ఆమెను వదినా అని పిలిచేది. అందుచేత మేమందరం అత్తా అని పిలవడం అలవాటయింది. ఇప్పుడు ఆమెకు నడుము వంగిపోయింది, గంప కోడలు మోస్తున్నది. ఫాల్గుణంలో మనుమరాలి పెళ్లి అని కబురు పంపించింది. ఇన్నేళ్లు ఆమె మా గుమ్మం తొక్కిందే గాని మేము ఆమె గుమ్మం తొక్కింది లేదు. అది తలుచుకుని మా అక్కయ్య సిగ్గుపడి, పెళ్లికూతురుకు ఒక బరంపురం పట్టుచీర కొని, ముందుగానే వెళ్లి ఇచ్చి వద్దామన్నది. అలా మేము నలుగురం ప్రయాణం కట్టాము. అక్కయ్య, చిన్నబావ, ఎనిమిదో తరగతి చదివే మేనల్లుడు, ఈ వ్యాసం రాస్తున్న మేము.

ఇక కారు సంగతి. అది మా నాన్నగారు 1986లో కొన్న కాంటెస్సా. నేటి పిల్లలు ఆ పేరు విని ఉండరు. 1970లలో ఇంగ్లండు రోడ్ల మీద తిరిగిన వాక్స్‌హాల్ విక్టర్ అనే బండి రూపాన్ని తీసుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1984 నుంచి 2002 వరకు తయారుచేశారు. పొడవాటి ముక్కు, వెడల్పాటి భుజాలు, చూస్తే రాజాగారి ఏనుగులాగా ఉండేది. అయితే మొదటి బండ్లకు అంబాసిడరులో ఉండే 1489 సీసీ ఇంజనే పెట్టారు. ఏనుగుకు మేక గుండె పెట్టినట్లు, ఘాటీ ఎక్కమంటే ఆయాసపడేది. తరువాత జపానువారి ఇసుజు ఇంజను, 1817 సీసీది, అయిదు గేర్లతో వచ్చింది. ఆ రోజుల్లో మన రోడ్ల మీద అంత జోరుగా పోయే స్వదేశీ బండ్లు చాలా కొద్ది.

నాన్నగారి బండి మేక గుండెదే. ఆయన పోయిన తరువాత అది పెరట్లో గోనె కప్పుకుని పడుకున్నది. తుక్కుకు అమ్మేద్దామని అందరం అంటే చిన్నబావ ఒప్పుకోలేదు. మామగారు దగ్గర కూర్చోబెట్టుకుని తనకు డ్రైవింగు నేర్పిన బండి అది అన్నాడు. ఎక్కడో తుక్కుకింద విరగ్గొడుతున్న కారు నుంచి ఇసుజు ఇంజను, గేరుపెట్టె సంపాదించాడు. ఒక షెడ్డులో పెట్టి ఆరు నెలలపాటు దగ్గరుండి మార్పించాడు. పెద్ద కార్బురేటరు వచ్చింది, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, బూస్టరు వచ్చాయి, వెడల్పు టైర్లు వచ్చాయి. ఆర్.సి. పుస్తకంలో ఇంజను నంబరు కూడా పద్ధతిగా మార్పించాము. అంతా బాగానే ఉన్నది గాని, కొత్త కార్బురేటరు పాతదానికంటె నాలుగంగుళాలు పక్కగా కూర్చున్నది. పాత యాక్సిలరేటరు కేబులు చాలీచాలక బిగుతుగా అందింది. "బిగుతుగా ఉంటే మంచిదే, కాలు ఆనించగానే దూకుతుంది" అని చిన్నబావ సంతోషించాడు. ఆ మాటకు మేము కూడా తల ఊపాము. తప్పు షెడ్డువారిదని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. అడిగినవారమూ మేమే, సరేనన్నవారమూ మేమే.

పులిహోర పొట్లాలు, మంచినీళ్ల సీసాలు, చీర పెట్టె పెట్టుకుని ఉదయం ఎనిమిది గంటలకు బయలుదేరాము. గొళంత్రా దాటే వరకు ప్రయాణం పెళ్లినడకలాగా సాగింది. ఆ తరువాత ఒక రాళ్ల లారీ అడ్డం వచ్చింది. చిన్నబావ మూడో గేరు వేసి, కాలు గట్టిగా నొక్కి, దానిని దాటించాడు. దాటాక కాలు తీశాడు. కారు మాత్రం జోరు తగ్గించలేదు.

ముందు ఒక బస్సు పోతున్నది. మా కారు ఇంకా ఇంకా జోరందుకుంటున్నది. "కాలు తియ్యండీ!" అని అక్కయ్య కేక వేసింది. "తీసేశానే!" అని చిన్నబావ అరిచాడు. చూస్తే నిజంగానే ఆయన కాలు యాక్సిలరేటరు మీద లేదు. బ్రేకు తొక్కాడు. మొదటిసారి పట్టింది, కొంచెం తగ్గింది. వదిలి మళ్లీ తొక్కితే పెడలు రాయిలాగా బిగుసుకున్నది. అప్పుడు చిన్నబావ క్లచ్చి తొక్కి గేరు తప్పించాడు. ఇంజను ఒక్క క్షణం గావుకేక పెట్టి, వెంటనే తనంతట తానే శాంతించి మామూలు చప్పుడులోకి వచ్చింది. కారును మెల్లగా రోడ్డు పక్కకు దించాము. నలుగురిలో ఎవరికీ చాలాసేపు మాట రాలేదు.

పాఠకులు ఆ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. గేరు తప్పించగానే ఇంజను తనంతట తానే శాంతించింది. జబ్బు ఏమిటో అది అప్పుడే చెప్పింది. మేము వినిపించుకోలేదు.

చెట్టు నీడలో బానెట్టు ఎత్తి, తెలిసినంత వరకు చూశాము. మొదట కాలికింద పరచిన రబ్బరు పట్టా పెడలుకు అడ్డం పడిందేమో అనుకున్నాము. దాన్ని తీసి వెనక పడేశాము. కార్బురేటరు దగ్గర తలుపును వెనక్కి లాగే స్ప్రింగు తెగిందా అని చూస్తే బాగానే ఉన్నది. కేబులు లోపల తుప్పు పట్టి ఇరుక్కుంటున్నదా అని మేనల్లుడు లోపల కూర్చుని పదిసార్లు పెడలు నొక్కి వదిలాడు. పదిసార్లూ కార్బురేటరు చెయ్యి టక్కుమని వెనక్కి వచ్చింది. ఇంజను నడుస్తుండగా నొక్కి చూశాము. అప్పుడూ వచ్చింది. చిన్నబావ నుదురు తుడుచుకుని, "పట్టాయే అయి ఉంటుంది" అన్నాడు. మాకూ అలాగే నమ్మాలనిపించింది. నమ్మితే ప్రయాణం సాగుతుంది కదా.

పెద్దరోడ్డు వదిలి పల్లెరోడ్డు పట్టాము. మెల్లగా నడిపినంతసేపూ కారు బుద్ధిమంతురాలిలాగా ఉన్నది. ఇరుప్రక్కలా మొగలి పొదలు. ఆ పూలతోనే మన గంజాంలో కేవడా అత్తరు తీస్తారు. గాలి ఉప్పగా తగలడం మొదలైంది. అక్కయ్య ముఖంలో కూడా కొంచెం రంగు వచ్చింది. ఒక చోట చిన్న కల్వర్టు వచ్చింది. దాని ఏటవాలు మీద ఇసుక మేట వేసి ఉన్నది. చక్రాలు జారకుండా చిన్నబావ రెండో గేరులో కొంచెం గట్టిగా నొక్కాడు. అంతే, కారు మళ్లీ పట్టు తప్పింది.

కల్వర్టు దిగితే అవతల గంపలు నెత్తిన పెట్టుకుని ముగ్గురు ఆడవాళ్లు, వారి వెనక సైకిలు మీద ఒక కుర్రవాడు. ఈసారి చిన్నబావ ఆలోచించలేదు. క్లచ్చి, బ్రేకు ఒక్కసారిగా తొక్కి పట్టి, తాళం ఒక మెట్టు తిప్పి ఇంజను ఆపేశాడు. చేతిబ్రేకు లాగాడు. కారు ఇసుకలో ఒరుసుకుంటూ పోయి ఆగింది. దిగి చూస్తే మా బంపరుకూ ఆ కుర్రవాడి సైకిలు చక్రానికీ మధ్య జానెడు చోటు ఉన్నది. వాడు భయంతో పక్కకు దూకి పడ్డాడు. మోకాలు గీరుకుపోయింది. అక్కయ్య కాళ్లు వణుకుతూనే దిగి, సీసాలో నీళ్లతో ఆ మోకాలు కడిగి, తన చేతిరుమాలు కట్టింది. మా మేనల్లుడి ఈడువాడే. గంపల ఆడవాళ్లు మమ్మల్ని తిట్టవలసినన్ని తిట్లు తిట్టారు. మేము తల వంచుకుని విన్నాము. అవి మాకు చెందినవే.

కుర్రవాడు లేచి, బానెట్టు వైపు ఆసక్తిగా చూసి, "ఇంజనుకేటయినాది బాబూ? మా తాత ఇంజన్లు సూస్తాడు" అన్నాడు. రామయ్యపట్నం ఇంకా అరమైలు ఉన్నది. ఇంజను ముట్టుకోకుండా, దారినపోయే నలుగురు కుర్రాళ్లు తోయగా, మేము వెనక నడవగా, నాన్నగారి కాంటెస్సా ఊరేగింపుగా ఊళ్లోకి వచ్చింది.

ఊరు గురించి చెబుతాము. ఇసుక మీద వరుసగా ఫైబరు బోట్లు. వెనకటి చెక్క తెప్పల స్థానంలో ఇప్పుడు ఎక్కువగా అవే, వాటికి ఇంజన్లు. నీలం, పచ్చ వలలు గుట్టలుగా పోసి ఉన్నాయి. వాటి పక్కన కూర్చుని మగవాళ్లు తెగిన కన్నులు అల్లుకుంటున్నారు. ఎండుచేపల వాసన. ఇవి తీరప్రాంతపు పల్లెలన్నిటా ఉన్నవే. ఇక్కడ మనసు పట్టేసేది మరొకటి. సముద్రం వైపు వరసలో ఇళ్లు సగం సగం ఉన్నాయి. ఒక ఇంటికి ముందు గది లేదు, వంటగది ఉన్నది. మరొక ఇంటి గోడకు దేవుడి పటం మేకు ఇంకా ఉన్నది, గోడకింద నేల లేదు. ఈ ఊరిని కొన్నేళ్లుగా సముద్రం కోసుకుపోతున్నది. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానును, 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటిన తిత్లీని ఇక్కడివారు మన ఇళ్లల్లో పుట్టినరోజులు చెప్పుకున్నట్లు చెప్పుకుంటారు.

కుర్రవాడి తాత డెబ్బై దాటినవాడు. వెనక విశాఖపట్నం రేవులో మరబోట్ల ఇంజన్ల దగ్గర చాలాకాలం పనిచేసి వచ్చాడు. ఇప్పుడు ఊళ్లో బోటు ఇంజన్లకు ఆయనే వైద్యుడు. మనుమడి మోకాలు చూశాడు, మా ముఖాలు చూశాడు, ఒక్క మాట అనలేదు. అది మాకు తిట్లకంటె బరువుగా తోచింది. బానెట్టు ఎత్తి చాలాసేపు చేతులు వెనక కట్టుకుని చూశాడు. ఏదీ ముట్టుకోలేదు.

"ఏటి మార్సినారు?" అన్నాడు.

"ఇంజను, కార్బురేటరు, బ్రేకులు" అని చిన్నబావ కొంచెం గర్వంగానే చెప్పాడు.

"మంచిది. ఎప్పుడు పరిగెట్టింది? నిలబెట్టి ఉన్నప్పుడా, లాగుతున్నప్పుడా?"

మేము ముఖముఖాలు చూసుకున్నాము. లారీని దాటేటప్పుడు, ఇసుక ఎక్కేటప్పుడు. రెండుసార్లూ లాగుతున్నప్పుడే.

"గేరు తీస్తే?"

"ఊరుకుంది."

"మరి నిలబెట్టి సూస్తే ఎలగ కనబడతాది బాబూ? బోటు ఇంజను ఒడ్డున ఉన్నప్పుడు బంగారమే. కెరటానికి ఎదురెక్కినప్పుడు గదా దాని గుణం తెలిసేది!"

అని, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు పెట్టించాడు. చేతిబ్రేకు లాగించాడు. కారుకు ముందుగాని వెనకగాని పిల్లవాడు కూడా నిలబడకూడదని అందరినీ దూరం తోలాడు. తాను బానెట్టు పక్కగా, చక్రానికి దూరంగా నిలబడి, చిన్నబావను లోపల కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, మొదటి గేరు వేసి, క్లచ్చిని వెంట్రుకవాసి వదలమన్నాడు, ఇంజను బరువు పట్టగానే మళ్లీ తొక్కమన్నాడు.

అప్పుడు చూశాము. ఇంజను ఎడమవైపు నుంచి లేచింది. పడుకున్న ఎద్దు ఒక పక్క లేచినట్లు మూడు వేళ్ల ఎత్తు లేచింది. లేవగానే ఆ బిగుతు కేబులు ఇంకా బిగుసుకుని, కార్బురేటరు చెయ్యిని తనంతట తానే తిప్పింది. చిన్నబావ కాలు యాక్సిలరేటరు మీద లేనే లేదు. క్లచ్చి తొక్కగానే ఇంజను దబ్బున కూర్చున్నది, కేబులు వదులైంది, చప్పుడు తగ్గింది. కిందకు వంగి చూస్తే అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నట్లే కనిపించాయి.

ఇంజను కారులో ఊరికే బోల్టు వేసి ఉండదు. రెండు పక్కలా ఇనుప రేకులకు అతికించిన రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. మన మేస్త్రీలు వాటిని ఫౌండేషను రబ్బర్లు అంటారు. అంటే పునాదులన్నమాట. ఇంజను మూత అంచునుంచి చెమర్చిన నూనె నెలల తరబడి ఎడమవైపు దిమ్మ మీద కారి, రబ్బరు ఉబ్బి మెత్తబడి, ఇనుపరేకు నుంచి ఊడిపోయింది. ఊరికే ఉన్నప్పుడు ఇంజను తన బరువుకు తానే దానిమీద కూర్చుంటుంది, అందుకే ఎవరికీ కనిపించదు. చక్రాలను లాగేటప్పుడు ఇంజను తిరిగే దిక్కుకు ఎదురుగా మెలిపడి లేస్తుంది. లేస్తే కేబులు లాగుతుంది, కేబులు లాగితే జోరు పెరుగుతుంది, జోరు పెరిగితే ఇంకా లేస్తుంది. దొంగకు తాళంచెవి ఇచ్చినట్లే. పాత చిన్న ఇంజనయితే ఆ రబ్బరు ఇంకా కొన్నాళ్లు మోసేదేమో. వదులు ఉన్న కేబులయితే ఇంజను లేచినా ఊరుకునేదేమో. మేము రెంటినీ ఒకేచోట కలిపాము. బ్రేకు రాయిలా బిగుసుకోవడానికి కూడా కారణం ఇదే. బూస్టరు పనిచేసేది ఇంజను పీల్చే గాలితో. కార్బురేటరు తలుపు పూర్తిగా తెరుచుకుంటే ఆ పీల్పు ఉండదు. బూస్టరులో దాచిన బలం ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది.

ఇది మా ఒక్కరికే వచ్చిన జబ్బు కాదని తరువాత చదివి తెలుసుకున్నాము. 1971 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీవారు 1960ల నాటి షెవ్రొలే బండ్లు దాదాపు 67 లక్షలు ఇదే కారణానికి వెనక్కి పిలిచారు. దిమ్మ తెగి, ఇంజను లేచి, యాక్సిలరేటరు తెరుచుకోవడమే. వారు చేసిన వైద్యం ఏమిటంటే, ఇంజను లేవకుండా ఒక తీగతాడుతో కట్టడం.

మా తాతగారు ఆ కబురు వినలేదు. అయినా బోటు లంగరు గొలుసు ముక్క ఒకటి తెప్పించి, ఇంజను ఎడమ బ్రాకెట్టునుంచి కింది అడ్డుకమ్మీకి చుట్టి, వేలెడు వదులు వదిలి బిగించాడు. కేబులు చివర మరను సడలించాడు. మళ్లీ రాళ్లు పెట్టి పరీక్షిస్తే ఇంజను కదిలి, గొలుసు పట్టుకుని ఆగింది. చిన్నబావ ముఖం వెలిగింది. "ఇంక మెల్లగా ఇంటికి పోవచ్చు" అన్నాడు.

"పోకూడదు" అన్నాడు తాత. "ఇది ఇంటికెల్డానికి కట్టినది కాదు, లారీ మీదకి ఎక్కించడానికి. కుడిపక్క రబ్బరూ దాని తోడబుట్టినదే. దారినిండా పిల్లలున్నారు."

చిన్నబావ మాట్లాడలేదు. మామగారి బండిని లారీమీద శవంలాగా ఎక్కించడమా అన్న బాధ ఆయన ముఖంలో తెలుస్తూనే ఉన్నది. ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతే ఏమవుతుందని మాతో మెల్లగా అన్నాడు. మేము కూడా ఒక క్షణం ఊగాము. అక్కయ్య మాత్రం ఆ కుర్రవాడి మోకాలికి కట్టిన తన చేతిరుమాలు వైపు చూపించింది. "నాన్నగారి బండి నాన్నగారి మాదిరే ఉండాలండీ. ఆయన ఎవరినీ భయపెట్టలేదు" అన్నది. చిన్నబావ తాళంచెవి తీసి తాత చేతిలో పెట్టాడు.

అప్పటికి మధ్యాహ్నమైంది. అత్త ఇంటికి వెళ్లాము. ఇల్లు అంటే పాత ఇల్లు కాదు. అది సముద్రంలో ఉన్నది. ఊరికి పడమర కొసను కొడుకు వేసిన రెండు గదులు. ఆమె మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఏడ్చింది. చీర విప్పి చూసి మళ్లీ ఏడ్చింది. మా పులిహోరను ఊరంతా పంచి, మాకు వేడి అన్నం, చందువ పులుసు పెట్టింది. కారు సంగతి విని, పాత ఇల్లు ఎలా పోయిందో చెప్పింది.

"గోడ పడిపోయినపుడు పేపరోలొచ్చినారు, ఆఫీసరుబాబులొచ్చినారు. అందరూ సూసినారు. దానికి ముందు రెండేళ్లబట్టి కిందనించి ఇసక పోతంది. అది ఎవులూ సూడనేదు. మేమే సూడనేదు. ఇంట్లో ఉన్నోళ్లం. గోడ నిలబడే ఉంది గదా అనుకున్నాం."

మన తీరం పొడుగునా ఇసుక ఊరికే ఉండదు. కెరటాలు ఏటవాలుగా తగులుతూ దక్షిణం నుంచి ఉత్తరానికి దాన్ని నడిపిస్తూ ఉంటాయి. ఒకచోట వచ్చేదానికంటె పోయేది ఎక్కువైతే ఒడ్డు తరుగుతుంది. ఏరోజుకారోజు చూస్తే తేడా తెలియదు. ఆ మాట విని చిన్నబావ చాలాసేపు అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

సాయంత్రం పోటు వచ్చే వేళకు ఊరి కుర్రాళ్లు మేము చెప్పకుండానే మా కారును తోసుకుపోయి, బడి దగ్గర మెరకమీద నిలబెట్టి, చక్రాలకు రాళ్లు వేశారు. సముద్రం ఎంతవరకు వస్తుందో వారికి తెలుసు. మేము ఆటోలో పెద్దరోడ్డు దాకా వచ్చి, బస్సెక్కి ఇల్లు చేరాము. మర్నాడు లారీ వెళ్లి బండిని తెచ్చింది. తాతకు డబ్బివ్వబోతే తీసుకోలేదు. మనుమడి సైకిలుకు కొత్త చక్రం మాత్రం వేయించమన్నాడు. వేయించాము.

బరంపురంలో రెండు పక్కలా కొత్త దిమ్మలు, వెనక గేరుపెట్టె కింది దిమ్మ కూడా మార్పించాము. నూనె చెమర్చేచోట కొత్త ప్యాకింగు వేయించాము. సరైన పొడవు కేబులు వేసి, ఇంజను కదిలినా లాగకుండా వదులు వదిలించాము. కార్బురేటరుకు ఒకటికి రెండు స్ప్రింగులు పెట్టించాము. బూస్టరు గొట్టం, దాని ఒంటిదారి కవాటం చూపించాము. ఖర్చు, మేము మార్పులకు పెట్టినదానిలో పదో వంతు లేదు.

పాత కార్లున్న సోదరులకు మా విన్నపం. కాలు తీసినా కారు పరిగెడితే బ్రేకును వదిలి వదిలి తొక్కకండి. ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టండి. వెంటనే క్లచ్చి తొక్కి గేరు తప్పించండి. ఇంజను అరిచినా లెక్కచేయవద్దు. ఆ తరువాత తాళం ఒక్క మెట్టు మాత్రం తిప్పి ఆపండి. చెవి బయటికి లాగితే స్టీరింగు బిగుసుకుపోతుంది. ఆగిన తరువాత, నిలబెట్టి చూస్తే బాగున్నదని మళ్లీ బయలుదేరవద్దు. చివరిసారి ఏమి మార్చామో అక్కడినుంచి వెతకడం మొదలుపెట్టండి. బరువు పెట్టి చేసే పరీక్ష తెలిసిన మేస్త్రీ చేతనే చేయించండి. పిల్లలను దూరంగా ఉంచండి.

ఫాల్గుణంలో పెళ్లికి అదే కారులో వెళ్లాము. చిన్నబావ ఎక్కడా నలభై దాటించలేదు. లారీలన్నీ మమ్మల్నే దాటి పోయాయి. కల్వర్టు దగ్గరకు వచ్చేసరికి ఆగి, దిగి, ముందు ఎవరైనా ఉన్నారేమో చూసి మరీ ఎక్కించాడు. అవతల ఆ కుర్రవాడు కొత్త చక్రం వేసిన సైకిలు మీద మాకోసం ఎదురుచూస్తున్నాడు. ఊళ్లోకి మా ముందు దారి చూపిస్తూ వాడే నడిచాడు. మండపం దగ్గర పెళ్లికూతురు మేము ఇచ్చిన చీరే కట్టుకున్నది. తాత మాత్రం మమ్మల్ని పలకరించే ముందు కారు దగ్గరకు వెళ్లి, బానెట్టు ఎత్తించి, ఎడమవైపు దిమ్మమీద వేలు పెట్టి రాసి, ఆ వేలు వెలుతురులో చూసుకున్నాడు. నూనె అంటలేదు. అప్పుడు నవ్వి, "రండి బాబూ, భోజనాలకి లెగండి" అన్నాడు.